చేతిపనికి కాగితమేదీ?

జగిత్యాల జిల్లాలో గల్ఫ్ దారి తెలియని ఊరు ఉందంటే నమ్మడం కష్టం. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, మల్లాపూర్ వైపు ఏ ఊళ్లో బస్సు దిగినా, చెట్టు కింద కూర్చున్న నలుగురిలో ఒకరిద్దరు దుబాయ్, మస్కట్, సౌదీ చూసివచ్చినవారే ఉంటారు. తండ్రి పోయివచ్చాడు, ఇప్పుడు కొడుకు వంతు వచ్చింది. అయితే కొడుకులు అడిగే ప్రశ్న మారింది. తండ్రులు "ఏ కంపెనీ, జీతమెంత, తిండి వాళ్లదా మనదా?" అని అడిగేవారు. కొడుకులు "అక్కడ పీఆర్ వస్తదా?" అని అడుగుతున్నారు. ఈ మార్పు మంచిదే. కాని ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పే మనిషి మండల కేంద్రాల్లో దొరకడం లేదు. దొరికేది ఏజెంటు ఒక్కడే.

పీఆర్ అంటే శాశ్వత నివాసపు అనుమతి. అది పౌరసత్వం కాదు. పాస్‌పోర్టు మన దేశానిదే ఉంటుంది. కాని కంపెనీ మూతపడినంత మాత్రాన దేశం విడిచి పొమ్మనరు. ఒక యజమానిని వదిలి మరొకరి దగ్గర చేరడానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. భార్యాపిల్లలతో కాపురం పెట్టుకోవచ్చు, పిల్లలు అక్కడి బడిలో చదువుకోవచ్చు. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు చెమటోడ్చిన కూలికి ఇది లేదు. అకామా గడువు తీరిందంటే జరిమానా లెక్క మొదలవుతుంది. అందుకే మన పల్లెల్లో ఇంటిమీద రెండో అంతస్తు లేచింది గాని, ఆ ఇంటి యజమాని ఆ పిల్లల పక్కన కూర్చుని అన్నం తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

రాయికల్ మండలంలోని ఒక ఊళ్లో ఒక వెల్డరు ఉన్నాడు. వయస్సు యాభై రెండు. షార్జాలో 14 ఏళ్లు పనిచేసి వచ్చాడు. పైపు వెల్డింగ్‌లో చేయి తిరిగినవాడనీ, ఆయన వేసిన అతుకును ఎక్స్‌రే తీసినా లోపం కనబడేది కాదనీ ఆయనతో పాటు పనిచేసినవారు చెబుతారు. ఇన్నేళ్ల పనికి ఆయన దగ్గర మిగిలిన ఆధారాలు మూడు: ఒక పాత పాస్‌పోర్టు, గడువు తీరిన లేబర్ కార్డు, తోటి పనివారితో తీయించుకున్న ఫోటో. ఆ లేబర్ కార్డు మీద వృత్తి అని ఉన్నచోట "హెల్పర్" అని రాసి ఉంది. వెల్డర్ వీసా ఖర్చు ఎక్కువని, హెల్పర్ వీసా మీద పోతే తొందరగా పని అవుతుందని అప్పటి ఏజెంటు చెప్పాడట. పోయినాక చేసింది వెల్డింగే. కాని కాగితం మాత్రం ఆయనను 14 ఏళ్లూ హెల్పర్‌గానే ఉంచింది.

ఆయన కొడుకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, జగిత్యాలలో ఒక కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాడు. కూలి చేతికి ఇస్తారు. రసీదు లేదు, బ్యాంకు ఖాతాలో పడదు. ఈ పిల్లవానికి కెనడా పీఆర్ ఇప్పిస్తానని పక్క పట్టణంలోని ఒక ఏజెంటు 12 లక్షలు అడిగాడు. సగం ముందు, సగం వీసా వచ్చాక. ఉన్న నాలుగెకరాల్లో రెండెకరాలు బేరానికి పెట్టారు. ఆ తండ్రి నన్ను ఆపి అడిగిన మాట ఇది: "మా పిలగానికి డిగ్రీ లేదు గదనే, ఆ దేశపోళ్లు ఎట్ల రానిస్తరు? వీడు చెప్పేది నిజమేనా?"

ఏజెంటు చెప్పినదాంట్లో సగం నిజమే ఉంది. సగం నిజం ఉన్నందువల్లే ఆ మాట అంత బలంగా నాటుకుంది. డిగ్రీ లేకున్నా నైపుణ్యం గల పనివాడిగా వీసా ఇచ్చే దేశాలు ఉన్నాయి. ఆ వీసా మీద కొన్నేళ్లు పనిచేస్తే శాశ్వత నివాసం ఇచ్చే చట్టాలు కూడా ఉన్నాయి. అవి దొంగదారులు కావు. ఆ దేశాల్లో ముసలివాళ్లు పెరిగి, కరెంటు పని, పైపుల పని, వెల్డింగు, ఆసుపత్రి సేవ చేసేవాళ్లు తక్కువై, తమంతట తాము తెరిచిన తలుపులవి. అబద్ధమల్లా మిగతా సగంలో ఉంది. 12 లక్షలు ఇస్తే అది వస్తుందన్నది అబద్ధం. ఆ దేశాలు డబ్బు అడగడం లేదు. "నీకు పని వచ్చునని రుజువేది? మా భాష వచ్చునా?" అని అడుగుతున్నాయి. ఈ రెంటిలో దేన్నీ ఏజెంటు అమ్మలేడు.

జర్మనీ సంగతి కొంచెం విడమరిచి చెప్పుకోవాలి. నైపుణ్యం గల పనివారి వలసకు ఆ దేశం 2020 మార్చిలో ఒక చట్టం అమలులోకి తెచ్చింది. 2023 నవంబరు నుంచి 2024 జూన్ దాకా దాన్ని మూడు దఫాలుగా ఇంకా సడలించింది. భారతీయ నిపుణ పనివారికి ఏడాదికి ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024 అక్టోబరులో ప్రకటించింది. అక్కడ డిగ్రీతో సమానంగా గౌరవించేది వృత్తి శిక్షణను. మన ఐటీఐ సర్టిఫికెట్టును తమ దేశపు శిక్షణతో పోల్చి చూస్తారు. పరిశ్రమల వృత్తులకు ఈ పోలిక చేసే సంస్థ న్యూరెంబర్గ్ నగరంలో ఉంది. పూర్తిగా సమానమని తేలితే, ఉద్యోగపు ఒప్పందం చేతిలో ఉంటే, నిపుణుని వీసా వస్తుంది. పూర్తిగా సమానం కాదు, కొంత కొరత ఉందని చెప్పడం మనవారి విషయంలో మామూలు. అలాంటివారికోసం 2024 మార్చిలో ఇంకొక దారి తెరిచారు. యజమాని ఒప్పుకుంటే ముందు అక్కడికి పోయి, పనిచేస్తూ, జీతం తీసుకుంటూనే ఆ కొరత తీర్చుకోవచ్చు. మూడేళ్ల దాకా గడువు ఇస్తారు. దీనికి రెండు షరతులున్నాయి. ఒకటి, మన దేశంలో ప్రభుత్వం గుర్తించిన, కనీసం రెండేళ్ల శిక్షణ పత్రం. రెండు, జర్మన్ భాషలో ఏ-2 స్థాయి పరీక్ష.

ఇక్కడ మన పిల్లలు, తల్లిదండ్రులు ఆగి చూడవలసిన విషయం ఒకటున్నది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు రెండేళ్ల కోర్సులు. వెల్డర్, ప్లంబర్, వడ్రంగి పనులు ఏడాది కోర్సులు. "తొందరగా అయిపోతది" అని ఏడాది కోర్సులో చేర్పించిన తండ్రులు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఆ తొందర అప్పటికి లాభంగానే కనబడుతుంది. ఇరవై ఏళ్ల వయస్సులో రెండేళ్ల శిక్షణ అడిగే దేశపు తలుపు దగ్గర నిలబడ్డప్పుడు ఆ ఒక్క ఏడాది విలువ తెలుస్తుంది. వెల్డరు పని తక్కువదని కాదు. గల్ఫ్‌లో వెల్డరు సంపాదన ఎలక్ట్రీషియన్ కంటే మెరుగ్గా ఉన్న చోట్లున్నాయి. కాని ఐటీఐలో చేరే నాడు ఈ లెక్క పిల్లవానికి చెప్పేవారు ఉండాలి. చెప్పేవారు లేరు.

పోల్చి చూసే రుసుము 100 నుంచి 600 యూరోల దాకా అవుతుంది. వీసా రుసుము 75 యూరోలు. భాష నేర్చుకోవడానికి, పరీక్షకు, పత్రాలు అనువాదం చేయించడానికి అయ్యే ఖర్చు వేరు. ఎంత ఉదారంగా లెక్క వేసినా పన్నెండు లక్షలు ఎక్కడా కనబడవు. వీసా ఇచ్చినాక నిపుణునిగా మూడేళ్లు పనిచేసి, 36 నెలలు పింఛను చందా కట్టి, భాషలో బీ-1 స్థాయికి చేరినవారు శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇదివరకు ఇది నాలుగేళ్లు. అయితే కొరత తీర్చుకునే కాలం ఈ మూడేళ్ల లెక్కలోకి రాదు. పూర్తి గుర్తింపు వచ్చి నిపుణుని వీసాకు మారిన నాటి నుంచి లెక్కపెట్టుకోవాలి. ఇవి ఏ కాగితం మీదా ఏజెంటు రాసివ్వడు.

జర్మన్ సర్టిఫికెట్టుతో సమానమా కాదా అన్న పోలికే లేకుండా, అనుభవం మీద ఇచ్చే వీసా కూడా ఒకటి ఉంది. దానికి సైతం రెండేళ్ల శిక్షణ పత్రం కావాలి. దానితోపాటు గత అయిదేళ్లలో రెండేళ్ల అనుభవం, ఏడాదికి ఇంత అని జీతం ఉండాలి. 2025లో ఆ జీతం 43,470 యూరోలు. చిన్న కంపెనీలు అంత ఇవ్వవు గనుక మనవారికి ఇది అందేది తక్కువ. ఉద్యోగం వెతుక్కోవడానికి పోయే కార్డు ఒకటి 2024 జూన్‌లో వచ్చింది. ఏజెంట్లు ఈ మధ్య ఎక్కువగా అమ్ముతున్నది దీన్నే. అది ఉద్యోగం కాదు, వెతుక్కోవడానికి ఏడాది గడువు మాత్రమే. పైగా ఆ ఏడాది తిండికి సరిపడా డబ్బు, 2025 లెక్కన నెలకు 1,091 యూరోలు, ముందే ఖాతాలో చూపాలి. అంటే ఏడాదికి పదమూడు లక్షల పైమాటే. ఆ డబ్బు మన పేరిటనే ఉంటుంది, మనమే ఖర్చు పెట్టుకుంటాం. దాన్ని తన రుసుముగా చెప్పి వసూలు చేసేవాడు మోసగాడు.

పదో తరగతి, ఇంటర్ దాటిన పిల్లలకు అక్కడే జీతంతో పని నేర్పే శిక్షణ ఉంది. వారంలో కొన్ని రోజులు బడి, కొన్ని రోజులు కంపెనీ. మూడేళ్ల చివర జర్మన్ సర్టిఫికెట్టే చేతికి వస్తుంది గనుక పోలిక గొడవే లేదు. అలా చదివినవారు తర్వాత రెండేళ్లు పనిచేస్తే చాలు, శాశ్వత నివాసానికి అర్హులు. కాని దీనికి భాష బీ-1 దాకా వచ్చి ఉండాలి. ఇంగ్లీషే గట్టిగా చదవని మన పిల్లలకు జర్మన్ ఎక్కడ వస్తుందని నవ్వేవారికి ఒక మాట. సౌదీలో రెండేళ్లు ఉండివచ్చిన గొర్లకాపరులు అరబ్బీలో బేరమాడుతున్నారు. కడుపు అడిగితే నాలుక నేర్చుకుంటుంది. జీఎన్ఎం చదివిన నర్సుల సంగతే చూడండి. అది డిగ్రీ కాదు, మూడేళ్ల డిప్లొమా. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా 2021 డిసెంబరులో జర్మనీ ఉపాధి సంస్థతో ఒప్పందం చేసుకుని, భాష నేర్పించి మరీ నర్సులను పంపుతున్నది.

ఆస్ట్రేలియా పద్ధతి వేరు. అది సర్టిఫికెట్టు కంటే చేసిన పనిని ఎక్కువగా తవ్వి చూస్తుంది. అక్కడి ప్రభుత్వ వృత్తి గుర్తింపు సంస్థ పత్రాలు పరిశీలించి, నిపుణునితో ప్రశ్నలు వేయించి, కొన్ని వృత్తుల్లో పని చేయించి చూస్తుంది. జీతం రసీదులు, బ్యాంకు కాగితాలు, పనిచేసిన చోటి ఉత్తరం అడుగుతుంది. ఐటీఐ చదవనివారికి కూడా ఏళ్ల అనుభవం మీద దారి ఉంది. యజమాని పిలిస్తే ఇచ్చే వీసాను 2024 డిసెంబరు 7న కొత్త రూపంలో తెచ్చారు. దానిమీద రెండేళ్లు పనిచేసినవారిని యజమాని శాశ్వత నివాసానికి ప్రతిపాదించవచ్చు. మామూలుగా వయస్సు 45 దాటకూడదు. రాయికల్ వెల్డరుకు ఆయన నలభయ్యో ఏట ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే, లేబర్ కార్డు మీద "వెల్డర్" అని ఉండి ఉంటే, ఆయన కథ వేరేగా ఉండేదేమో. ఇప్పుడు ఆయనకు ఆ గడువు దాటిపోయింది. మిగిలినది కొడుకు సంగతి.

కెనడా 2013లో చేతివృత్తులవారి కోసం ప్రత్యేక పథకం పెట్టింది. చదువు ఎంతన్న షరతే అందులో పెట్టలేదు. గత అయిదేళ్లలో రెండేళ్ల పని, ఇంగ్లీషు పరీక్ష, దానితోపాటు అక్కడి ఉద్యోగమో అక్కడి రాష్ట్రం ఇచ్చే వృత్తి సర్టిఫికెట్టో అడిగింది. ఏజెంట్లు చూపేది ఈ కాగితాన్నే. కాని అర్హత వేరు, పిలుపు వేరు. 2015 నుంచి అందరినీ మార్కుల వరుసలో నిలబెట్టి పై నుంచి పిలుస్తున్నారు. వయస్సు, ఇంగ్లీషు, చదువు, అనుభవం అన్నిటికీ మార్కులున్నాయి. ఉద్యోగం ఉన్నదన్న కాగితానికి కూడా మార్కులుండేవి. ఆ కాగితాలను లక్షలకు అమ్ముకునే వ్యాపారం పెరిగిపోవడంతో 2025 మార్చి 25న ఆ మార్కులు తీసేశారు. 2024 అక్టోబరులో మొత్తం వలస సంఖ్యనే తగ్గించారు. 2025కు అయిదు లక్షలని అనుకున్నది 3,95,000కు దిగింది. మన ఏజెంటు మాత్రం ఇప్పటికీ పాత మార్కుల లెక్క చెప్పి, ఆ ఉద్యోగపు కాగితాన్నే అమ్ముతున్నాడు. రెండెకరాల బేరం నడిచింది దీనికోసమే.

జపాన్ 2019 ఏప్రిల్‌లో తెచ్చిన నైపుణ్య వీసాకు డిగ్రీ అక్కరలేదు. పని పరీక్ష, భాష పరీక్ష చాలు. మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం కూడా కుదిరింది. అయితే మొదటి రకం వీసా అయిదేళ్లు మాత్రమే, కుటుంబాన్ని తెచ్చుకోనివ్వరు. పై పరీక్ష గెలిచి రెండో రకానికి ఎక్కితేనే కుటుంబం, గడువు పొడిగింపు. శాశ్వత నివాసానికి మామూలుగా పదేళ్లు అక్కడ ఉండాలి, అందులో అయిదేళ్లు పని వీసా మీద ఉండాలి. మొదటి రకంలో గడిపిన ఏళ్లు ఆ అయిదేళ్లలో కలవవు. ఓపిక గలవారి దారి అది.

మిగతా రెండింటిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బ్రిటన్ 2025 జూలై 22 నుంచి నైపుణ్య వీసాను దాదాపుగా డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే కుదించింది, వృద్ధుల సేవకు బయటి దేశాలనుంచి మనుషులను తెచ్చుకోవడం ఆపేసింది. ఇంకా "లండన్ కేర్ వీసా" అని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు. అమెరికాలో రెండేళ్ల అనుభవం గల పనివారికి గ్రీన్‌కార్డు వరుస ఒకటి ఉన్నమాట నిజమే. కాని 2025లో భారతీయుల వంతు 2012, 2013 నాటి దరఖాస్తుల దగ్గర నడిచింది. ఇప్పుడు వరుసలో నిలబడే పిల్లవానికి పెళ్లయి, పిల్లలు బడికి పోయే వయస్సు వచ్చినా వంతు వస్తుందన్న నమ్మకం లేదు.

ఇక మన దగ్గర ఏమి జరగాలన్నది ఆలోచించాలి. మొదటి మాట గల్ఫ్‌లో ఉన్నవారికి. చేస్తున్న పని, కార్డు మీద రాసిన పని ఒకటేనా అని చూసుకోండి. కాకపోతే మార్పించుకునే ప్రయత్నం చేయండి. మార్పు కాకపోతే కంపెనీ కాగితం మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ పని చేశారో రాయించుకుని, కంపెనీ ముద్ర వేయించుకోండి. ఎమిరేట్స్‌లో 2009 నుంచి జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది గనుక ఆ ఖాతా కాగితాలు తీసి దాచుకోండి. సౌదీ కూడా ఈ మధ్య వెల్డరు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ వంటి పనులకు వీసాకు ముందే పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇస్తున్నది. అది కూడా పారేయవలసిన కాగితం కాదు. సెలవుకు వచ్చినప్పుడు సెంటు సీసాలు, టార్చిలైట్లు తెచ్చే పెట్టెలో ఈ ఫైలుకు కూడా చోటివ్వండి.

పేర్ల సంగతి మరొకటి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఐటీఐ సర్టిఫికెట్టులో పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక, ఆధార్‌లో మరో స్పెల్లింగు. మన ఊరి పోస్ట్‌మాన్‌కు ఇవన్నీ ఒక్కరే. న్యూరెంబర్గ్‌లోని గుమాస్తాకు నలుగురు. దీన్ని సరిచేయడానికి నెలలు పడుతుంది గనుక వీసా మాట ఎత్తకముందే మొదలుపెట్టాలి.

కాంట్రాక్టర్లు, మెకానిక్ షెడ్ల యజమానులు కూడా ఒక మాట వినాలి. నాలుగేళ్లు పనిచేసిన కుర్రవానికి అనుభవపత్రం ఇవ్వడానికి ఎందుకో జంకుతున్నారు. ఇస్తే పనిచేసేవాడు పోతాడని కొందరు, లెక్కలు బయటపడతాయని కొందరు. జీతం ఖాతాలో వేయడానికి పైసా ఖర్చు లేదు. ఆ కుర్రవాడు ఎల్లకాలం మీ దగ్గర ఉండేది కూడా లేదు.

ప్రభుత్వం చేయవలసింది ఇంకా ఎక్కువ ఉంది. రాష్ట్రంలో 65 ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనిని 2024లో మొదలుపెట్టారు. కొత్త యంత్రాలు వస్తున్నాయి, సంతోషం. కాని ఆ యంత్రం మీద పని నేర్చిన పిల్లవానికి సాయంత్రం రెండు గంటలు జర్మన్ గాని, జపనీస్ గాని నేర్పే మాస్టరు లేకపోతే వాడు మళ్లీ ఏజెంటు గడపే తొక్కుతాడు. విదేశాలకు పనివారిని పంపడానికి రాష్ట్ర ప్రభుత్వానికి సొంత సంస్థ టామ్‌కామ్ ఉంది. దాని పేరు హైదరాబాదులో తెలుసు, మల్లాపూర్‌లో తెలియదు. గల్ఫ్‌కు ఇంతమందిని పంపిన జిల్లాలో ఆ సంస్థ మనిషి నెలకు ఒక్కరోజైనా జిల్లా ఉపాధి కార్యాలయంలో కూర్చుని కాగితాలు చూసి చెప్పడం పెద్ద కోరిక కాదు. చదవకుండా పని నేర్చినవారు ప్రైవేటుగా ట్రేడ్ టెస్టు రాసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఆ సంగతి గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారిలో ఎందరికి తెలుసు? గ్రామసభలో ఒక్కసారి చదివి వినిపించినా కొందరికి మేలవుతుంది.

ఏజెంట్ల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. 1983 నాటి ప్రవాస చట్టం కింద లైసెన్సు ఉన్నవాడే విదేశీ ఉద్యోగానికి మనుషులను పంపాలి. అతడు తీసుకోగల సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. లైసెన్సు నిజమా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్‌లో ఎవరైనా ఫోనులో చూసుకోవచ్చు. "నాది కన్సల్టెన్సీ, నాకు లైసెన్సు అక్కరలేదు" అనేవాడు ఉద్యోగం మాట ఎత్తకూడదు. ఎత్తితే పోలీసుస్టేషను ఉంది. మోసపోయినవారు పరువు పోతుందని మూసిపెట్టుకోవడం వల్లే ఒకే మనిషి మూడు మండలాల్లో మూడు బోర్డులు పెట్టగలుగుతున్నాడు.

రాయికల్ మండలపు ఆ ఇంట్లో రెండెకరాల బేరం ప్రస్తుతానికి ఆగింది. ఏజెంటుకు ముందుగా ఇచ్చిన యాభై వేలు ఇంకా తిరిగి రాలేదు. పిల్లవాడు ఫోనులో జర్మన్ పాఠాలు వింటూ, ఆదివారాలు జగిత్యాలలో ఒక మాస్టరు దగ్గరకు పోతున్నాడు. మొన్న కాంట్రాక్టరు దగ్గర అనుభవపత్రం అడిగితే "దీపావళి పనులు అయినాక చూద్దాం" అన్నాడట. తండ్రి మాత్రం తన కోసం కాకపోయినా ఒక పని చేశాడు. షార్జాలోని పాత కంపెనీకి, తాను 14 ఏళ్లు హెల్పర్‌గా కాదు, వెల్డర్‌గా పనిచేశానని రాసిమ్మని ఇంగ్లీషులో ఉత్తరం రాయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. జవాబు రాలేదు. రసీదు మాత్రం పాత పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు.